కిస్మిస్ తిన్న కుక్కపిల్ల

నిన్న మా అమ్మాయి కిస్మిస్ పొట్లం విప్పగానే ఆ తీపి వాసనకు నాకు గుబులు పుట్టింది.

నా ఎనిమిదో ఏట హన్మకొండలోని మా ఇంటికి కుక్కపిల్ల వచ్చింది. ఇంట్లో పోయకుండా అలవాటు చేయడానికి, అది పెరట్లో మూత్రం పోసిన ప్రతిసారీ బిస్కెట్ పెట్టమని బాపు చెప్పాడు. ఇంకా మంచిది పెట్టాలని నేను మా కిరాణా దుకాణంలోని కిస్మిస్ గుప్పెళ్లతో తినిపించాను. మూడో రోజంతా అది మూలన పడుకునే ఉంది.

"బాపూ, ఇయ్యాల ఇంట్ల ఒక్క సుక్క గూడ పోయలే! మంచిగ నేర్చుకున్నది," అన్నాను సంబరంగా.

"మరి బయట పోసిందా?"

"బయట గూడ పోయలే."

బాపు ముఖం మారిపోయింది. "ఏం పెట్టినవ్ దానికి?"

"కిస్మిస్."

దాన్ని ఎత్తుకుని పశువుల దవాఖానకు పరుగెత్తాడు. సాయంత్రం ఒక్కడే తిరిగొచ్చాడు.

"జరమొచ్చి పోయింది బిడ్డా," అన్నాడు.

కిస్మిస్ కుక్కల కిడ్నీలను పాడుచేస్తుందని పెద్దయ్యాక తెలిసింది. బాపుకు ఆ రోజే తెలిసి ఉంటుంది. ఒక్కనాడూ నాతో అనలేదు.