మామ కారులో ట్రాక్టర్ నూనె

ఆ వయసులో నాకు తెలియని పనంటూ లేదు. ఇప్పుడంటే ఆత్మకూరులో ఎలక్ట్రిక్ కార్ల షెడ్డు పెట్టుకోని, బండితో ఇచ్చిన పుస్తకం మూడుసార్లు చదివితే గానీ స్పానర్ ముట్టుకోను. ఇరవై రెండేళ్ళప్పుడు పుస్తకమంటే మహా చులకన. కలిగిరిలో ట్రాక్టర్ల మేస్త్రీ దగ్గర రెండేళ్ళు పని నేర్చినాను. ఆయన ఏ నూనెనైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది తీర్పు చెప్పేవాడు. తీగ సాగితే మంచిది, సాగకపోతే పారబొయ్యి. ఆ రెండు వేళ్ళుంటే లోకంలో ఏ బండినైనా బాగుచెయ్యొచ్చని నా నమ్మకం.

మా అక్క వాళ్ళది ఉదయగిరి. బావ ఎలక్ట్రిక్ కారు కొన్నది సోకుకి కాదు. వాళ్ళ నాయనకి, అంటే మా మామకి, రెండు కిడ్నీలూ పోయినాయి. వారానికి రెండుసార్లు నెల్లూరికి పోయి డయాలసిస్ చేయించుకోవాల. ఒక్కసారి తప్పినా ఒంట్లో నీరు చేరి ఊపిరాడదని డాక్టర్ గట్టిగా చెప్పినాడు. బస్సు కుదుపులకి ఆయన తట్టుకోలేక ఆ కారు. ఒక ఆదివారం బావ పొలం పోయిన టైములో, ఎవురూ అడక్కుండానే సర్వీసు చేస్తానని నేను కారు కిందికి దూరినాను. మోటారు నూనె బిరడా విప్పితే నూనె నీళ్ళ మాదిరి కారింది. వేళ్ళతో రుద్దినాను. తీగా లేదు, పాడూ లేదు. "ఇది ఎప్పుడో చచ్చింది మామా" అని, వెంట తెచ్చిన చిక్కటి నూనె నిండా పోసినాను. మామ మంచం మీద నుంచి చూస్తా, "అది ట్రాక్టర్ డబ్బా కదంట్రా అబ్బయ్యా?" అన్నాడు. "నూనె ఏదైతే ఏంది మామా!" అన్నాను. (ఆ పల్చటి నూనెనే ఒక పంపు మోటారు రాగి చుట్టల మీద చల్లి వేడి లాగేస్తాదనీ, గేర్లకీ బేరింగులకీ అదే దిక్కనీ, పల్చన ఉండటమే దాని గొప్పనీ తర్వాత చదివినాను. తర్వాత!)

సోమవారం పొద్దున నా పనితనం చూసుకుందామని నేనూ ఎక్కినాను. ఎండాకాలం. ఆత్మకూరు ఇంకా సగం దూరం ఉండగానే తెర మీద ఎర్ర దీపం, దాని పక్కన తాబేలు బొమ్మ వచ్చినాయి. చిక్కటి నూనెని పంపు లాగలేక మోటారు కాలిపోతా ఉంటే, కారు తనంతట తానే నడక వేగానికి దిగింది. ఎనక నుంచి ఒక గొర్రెల మంద వచ్చి మమ్మల్ని దాటిపోయింది. కాపరి కిటికీలోకి తొంగిచూసి, "ఏంది సామీ, తొయ్యమంటారా?" అన్నాడు. మామ నవ్వబోయి దగ్గినాడు. ఆ దగ్గు ఆగలేదు. పెదాలు నల్లబడినాయి.

"నిన్న సర్వీసని ఏం పోసినావురా?" అని బావ అరిచినాడు.

"కంపెనీ నూనే బావా. ఈ బండే ఇంత" అన్నాను. మామ నా వైపు ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నాడు.

సంతకి పోయే గొర్రెల లారీకి నేను అడ్డంపడి ఆపినాను. మామని ముందు సీట్లో కూర్చోబెట్టి, మేమిద్దరం గొర్రెల మధ్య నిలబడి ఆత్మకూరు చేరినాం. అక్కడ అంబులెన్సు ఎక్కించినాం. సాయంత్రం ఆసుపత్రిలో, బావ మందులకి పోయినప్పుడు, మామ ఆక్సిజన్ మాస్కు పక్కకి జరిపి నన్ను దగ్గరికి పిలిచినాడు. "డబ్బా సంగతి వాడికి చెప్పబాకరా. నిన్ను చంపతాడు. మధ్యలో మీ అక్క నలిగిపోద్ది" అన్నాడు.

ఆయన ఇంకో ఏడు నెలలు బతికినాడు. పోయింది ఆ జబ్బుతోనే గానీ ఆ రోజు వల్ల కాదని డాక్టర్ అన్నాడు. నేను రెండుసార్లు అడిగినాను.

ఆ ఇరవై రెండేళ్ళవాడి బింకం తల్చుకుంటే ఇప్పుడూ నవ్వొస్తాది, సగంలోనే ఆగిపోతాది. కంపెనీవాళ్ళు కాలిన మోటారుని విప్పి చూడకుండానే మార్చినారు. ఇప్పుడు బావ ఆ కారుని నా షెడ్డుకే తెస్తాడు, ఇంకొకరిని ముట్టుకోనియ్యడు. "ఆ రోజు నువ్వు పక్కన లేకపోతే మా నాయన దారిలోనే పోయుండేవాడురా" అంటాడు ప్రతిసారీ. ఈసారి చెప్పేద్దామని నోరు తెరుస్తాను.

"టీ చెప్పమంటావా బావా?" అంటాను.