గంగయ్య తిత్తి

మొన్న పాత తోలుసంచికి ఆముదం రాస్తూ కూర్చున్నాను. మా అమ్మాయి సెలవులకి స్నేహితులతో స్కాట్లాండ్ వెళ్తోంది, ఆ సంచి కావాలంది. తోలూ ఆముదమూ కలిసిన ఆ జిడ్డు వాసన ముక్కుకి తగలగానే నాన్న గుర్తొచ్చాడు. సరిగ్గా అప్పుడే అది ఫోన్లోంచి తలెత్తి, “ఎడింబరోలో ఏమేం చూడాలమ్మా? నువ్వోసారి వెళ్లొచ్చావుగా” అంది. ఏమేం చూడాలో నాకు పలక పట్టిన వయసులోనే కంఠతా వచ్చని దానికేం తెలుసు!

తొంభైల్లో మేం ఈ గల్ఫు దేశంలోనే, ఇదే రిఫాలో, ఒక స్కాట్లాండ్ ఇంజనీరు విల్లా వెనక గదిలో ఉండేవాళ్లం. నాన్న ఆయన కారు నడిపేవాడు, అమ్మ ఇంటిపని చేసేది. ఆయన్ని దొరగారనేవాళ్లం, సముద్రం దాటొచ్చినా ఆ మాట మా నోళ్లని వదల్లేదు. ఎండాకాలం ఏసీ నుంచి కారే నీళ్లతో గచ్చు మీద తొక్కుడుబిళ్ల గళ్లు గీసుకుని, అవి ఆరిపోయేలోగా ఆట ముగించాలని గెంతడం, గోడవతల చెట్టు నుంచి రాలిన పచ్చి ఖర్జూరాలు వగరని తెలిసీ కొరికి ఉమ్మడం, ఉగాదికి వేపపువ్వు దొరక్కపోతే అమ్మ కాకరకాయ తురిమి పచ్చడిలో కలిపి “చేదు చేదే, నోరు మూసుకుని తినండి” అనడం, ఇలా గడిచేది మాకు. వీటన్నిటికన్నా నాకిష్టం దొరగారి హాల్లో ఉండే బొమ్మల పుస్తకం. అమ్మ దుమ్ము తుడుస్తుంటే నేను పేజీలు తిప్పేదాన్ని: కొండ మీద కోట, నిలువెత్తు పటాలు వేలాడే భవనం, వేసవిలో నడివీధిలో నాటకాలాడే జనం, చివర్లో వాయిద్యాల మ్యూజియం. ఆ ఊరు నాదే అనుకునేదాన్ని, పిచ్చిమొహాన్ని!

చలికాలం శుక్రవారాల్లో దొరగారు గళ్ల లంగాలాంటిది కట్టుకుని, పచ్చిక మీద అటూ ఇటూ నడుస్తూ వాళ్ల గాలిసంచి వాయిద్యం ఊదేవాడు. మొదటిసారి అది విన్నప్పుడు కారు కడుగుతున్న నాన్న చేతిలో గుడ్డ జారిపోయింది. “ఓసోస్, ఇది మన తిత్తేనే!” అని అరిచాడు.

నాన్నకి నాన్న, మా గంగయ్య తాత, తోలుబొమ్మలాట జట్టులో తిత్తి ఊదేవాడట. మేకతోలు సంచి, దానికో కర్ర గొట్టం. పాట పలకదు, ఆట సాగినంతసేపూ ఒకటే శ్రుతి. బొమ్మలాడించినవాడికి పేరు, పాడినవాడికి పేరు, చంకలో తిత్తి నొక్కుతూ బుగ్గలు పీక్కుపోయిన తాత పేరు అడిగినవాడు లేడు. అందుకే కాబోలు, తన పేరు తనే ఇనుప చువ్వ కాల్చి గొట్టం మీద రాసుకున్నాడు: గం, గ, య్య. తర్వాత హార్మోనియం వచ్చింది, తిత్తి అటకెక్కింది, తాత మంచమెక్కాడు.

ఆ సంగతి వినగానే దొరగారు మురిసిపోయి దాన్ని తెమ్మన్నాడు. నాన్న సెలవుకి వెళ్లి మూటకట్టి తెచ్చాడు. ఎయిర్‌పోర్టులో మూట విప్పిన ఆఫీసరు ముక్కు మూసుకుని “యే క్యా హై భాయ్?” అంటే, నాన్న ఏం చెప్పాలో తోచక అక్కడే ఊది వినిపించాడట. “ఖలాస్, ఖలాస్! యల్లా!” అని తోలేశారట. ఇంటికొచ్చాక ఎండిన తోలుకి రోజూ ఆముదం పట్టించేవాడు. గదంతా అదే వాసన, మా అన్నంలో కూడా అదే వాసన.

పని ముగిసి దొరగారు తన దేశం పోయేముందు, దీన్ని మా ఊరి మ్యూజియంలో పెట్టిస్తాను, పక్కనే మీ నాన్న పేరు రాయిస్తాను, మీ ముగ్గుర్నీ పిలిపించి చూపిస్తాను అన్నాడు. నాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మకి మాత్రం ఒళ్లు మండింది.

“ఊరుకోండి. ఆ దొరకి మీ నాన్న పేరు నోరైనా తిరగదు. గొంగాయా, గొంగాయా అంటాడు.”

“ఆయన పలక్కపోతే ఏంటే? గొట్టం మీదే ఉంది కదా పేరు. చెరిపేత్తాడా ఏంటి?”

ఇచ్చేశాడు. పిలుపూ రాలేదు, ఒక్క ఫొటో కూడా రాలేదు. అయినా నాన్న ఆశ చావలేదు. తర్వాత హిద్ షిప్‌యార్డులో డ్రైవరు పనికి కుదిరినా, సల్మాబాద్ క్యాంపులో మనవాళ్లని కలిసినా అదే మాట: “మా నాన్న ఎడింబరోలో ఉన్నాడు.” “ఆయనకి వీసా ఎవరిచ్చార్రా?” అని వాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. ఆ నవ్వుల మధ్యే నాన్న ముసలివాడయ్యాడు, ఆ నమ్మకంతోనే పోయాడు.

నాలుగేళ్ల కిందట ఆఫీసు పనిమీద ఆ ఊరెళ్లాను. కోటవైపు తలెత్తి కూడా చూడలేదు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ వాయిద్యాల మ్యూజియానికే పోయాను. ఉంది! అద్దాల పెట్టెలో, ఓ మూలన, పగుళ్లిచ్చిన తోలుతో మా తిత్తి ఉంది. గొట్టం మీద తాత అక్షరాలు చెక్కుచెదరలేదు. కింద చీటీ చదివాను. గాలితిత్తి, దక్షిణ భారతదేశం. వాయించినవారెవరో తెలియదు. గొట్టంపై అలంకారపు గీతలు. ఆ కిందే దొరగారి పేరు, ఇంటిపేరుతో సహా, దాతగా.

“అవి గీతలు కావు, మా తాత పేరు” అన్నాను కాపలా ఆయనతో. పాపం, మర్యాదస్తుడు. ఎంతో బాగుందని నవ్వి, మూసే వేళయిందని తలుపు చూపించాడు. ఛీ, ఏం బతుకు అనిపించింది.

ఇప్పుడా విల్లా లేదు, అక్కడ అద్దాల మేడ లేచింది. అటు మా సొంతూళ్లో ఆ బొమ్మలాట జట్టూ లేదు, తిత్తి శ్రుతి ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్లూ లేరు. నాకైనా ఆ మోత సరిగ్గా గుర్తు లేదు, ఆముదం వాసనే మిగిలింది.

అమ్మాయికి కోట చెప్పాను, పటాల భవనం చెప్పాను, నాటకాల వీధి చెప్పాను. చివరికి మ్యూజియం చెప్పి, “అక్కడ మూల పెట్టెలో మన తిత్తి ఉంటుంది, దాని ముందు నిలబడి ముత్తాత పేరు పైకి చదివి రా” అన్నాను. గుర్తుపట్టడానికి కాగితం మీద గొట్టం బొమ్మ గీసి, దానిమీద ఆ మూడు అక్షరాలూ పొందిగ్గా రాసిచ్చాను.

అది కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది.

“అబ్బ, డిజైన్ భలే ఉందమ్మా” అంది.