ఫ్రీజరు అడుగున ఎర్ర ఐసు

తెరేసమ్మ ముక్కు గురించి గుణదల కొండ కింది పేటలో కథలుగా చెప్పుకునేవాళ్లు. కవరు విప్పకముందే అది పొద్దుటి మాంసమో నిన్నటి మిగులో చెప్పేసేది. మొగుడు పోయాక పెళ్లిళ్లకీ బాప్తిస్మాలకీ వంటకి వెళ్లి, ఆ గరిటె మీదే కూతురు దీవెనని పెంచి పెళ్లి చేసింది. "ఆమె వాసన చూసి సరేనంటే ఇంక చూడక్కర్లేదు" అనేవాళ్లు. ఆమె కూడా అదే నమ్మింది, ఆ మే నెల గాలివాన వచ్చేదాకా.

ఆ ఆదివారం మనవరాలు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకోవాలి. విందుకని చల్లపల్లి చుట్టాలు మేకపోతుని కోయించి పంపారు. తెరేసమ్మ ముక్కల్ని కవర్లలో కట్టి, ఐస్‌క్రీం కొట్టువాళ్ల దగ్గర కొనుక్కున్న పాత ఫ్రీజరు పెట్టెలో విడివిడిగా పేర్చింది. మర్నాడే చల్లపల్లిలో మొగుడి మేనమామ పోయాడని కబురొచ్చింది. ఇంటికి తాళం వేసి తల్లీకూతుళ్లు బయల్దేరారు. మట్టి చేసి, శనివారం ఎండెక్కాక తిరిగొచ్చారు.

వాకిట్లో వేపకొమ్మ విరిగి పడుంది. లోపల ఫ్రీజరు మాత్రం గుర్రుమని ఆడుతోంది. తెరేసమ్మ మూత ఎత్తింది. చల్లటి ఆవిరి మొహానికి కొట్టింది. మాంసం రాయిలా ఉంది. కానీ విడివిడిగా పెట్టిన కవర్లన్నీ ఒకదాని మీదకొకటి వాలి, ఒకే ముద్దయి బిగుసుకున్నాయి. చెయ్యి పెట్టి కదిపితే అడుగున అద్దంలా నున్నగా, ఎర్రటి ఐసు కనిపించింది. ఆమె అందులో నీళ్లు పొయ్యలేదు.

గోడ దగ్గరికెళ్లి పక్కింటావిడని పిలిచింది. "కనకలక్ష్మిగారూ, ఇక్కడ కరెంటు గానీ పోయిందా?"

"పోవడమేంటండీ! మీరెళ్లిన రాత్రే గాలికి స్తంభం కూలింది. నిన్న సాయంత్రానికి గానీ ఇవ్వలేదు. ఫోన్ చేద్దామనుకున్నా. చావింట్లో ఉన్నారు, ఎందుకులే అని ఊరుకున్నా."

తెరేసమ్మ ఒక ముక్క విరిచి, గిన్నెలో కరగనిచ్చి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. కోసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఎందుకో అప్పుడే ఆమెకి భయం వేసింది. కుళ్లు వాసన వస్తే బాగుండేదనిపించింది.

ఆ మధ్యాహ్నం కంకిపాడు నుంచి అన్న శౌరయ్య స్కూటర్ మీద వచ్చాడు, విందు పనుల్లో సాయం చేద్దామని. సంగతి విని నవ్వాడు.

"ఇంత మాంసం పారబోస్తావా? రాయిలా ఉంటే దీనికేమైందే?"

"మధ్యలో కరిగింది అన్నయ్యా. ఎంతసేపు అలా ఉందో మనకి తెలవదు."

"ఇంకో నాలుగు విజిల్స్ వెయ్యి. ఆ వేడికి ఏ పురుగు బతుకుద్ది?"

"పిల్లలు తినే విందు. నేను వండను" అంది తెరేసమ్మ.

"అయితే నాకియ్యి. మీ వదినకి మటనంటే ప్రాణం. రాళ్లు తిని అరిగించుకున్న పొట్టలు మావి."

వద్దని చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ నాన్న పోయాక తనని పెంచినవాడు. ఆయన చెయ్యి చాపితే లేదనడం ఆమెకి అలవాటు లేదు. సగం ముద్దని కవర్లో చుట్టి తనే స్కూటర్ కొక్కేనికి తగిలించింది. బెజవాడ ఎండలో ఆ కవరు నీళ్లు కారుస్తూ వెళ్లిపోయింది. మిగతా సగం చెత్తబండిలో వేసింది.

మర్నాడు విందుకి అప్పటికప్పుడు కోళ్లు కోయించారు. మనవరాలు తెల్లగౌనులో, చేతిలో కొవ్వొత్తితో గుడిలో నడిచొస్తుంటే తెరేసమ్మ కళ్లు మాత్రం వెనక బెంచీ మీదే ఉన్నాయి. అన్నయ్యకీ వదిన అమలమ్మకీ పట్టి ఉంచిన చోటు ఖాళీగానే ఉంది. పూజ అయ్యాక ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. పలావు వడ్డిస్తూ మళ్లీ చేసింది. చివరికి ఎవరో ఎత్తారు.

"నేను పక్కింటాయన్నమ్మా. తెల్లవారుజాము నుంచీ ఇద్దరికీ వాంతులూ విరేచనాలూ. విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆవిడైతే తెలివి తప్పిపోయింది."

చేతిలో గరిటె దీవెనకిచ్చి, ఉన్న చీరతోనే ఆటో ఎక్కింది.

శౌరయ్య సెలైన్ కింద ముడుచుకుని పడుకున్నాడు. షుగర్ ఉన్న అమలమ్మని ఐసీయూలో పెట్టారు. ఏం తిన్నారని డాక్టరమ్మ అడిగితే, ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తెరేసమ్మే చెప్పింది.

"దానివల్లేనని ఇప్పుడే గట్టిగా అనలేను" అంది డాక్టరమ్మ. "కానీ అనుమానం దాని మీదే. ముక్కల్లో ఇంకా ఐసు ఉండి, ఫ్రిజ్‌లో పెట్టినంత చల్లగా ఉంటే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు. వేడెక్కిందో లేదో, ఎంతసేపో తెలియనప్పుడు పారెయ్యాల్సిందే. చలికి క్రిములు చావవమ్మా, పడుకుంటాయి. కరిగితే లేచి పెరుగుతాయి. కొన్నిటి విషం ఎంత ఉడికించినా పోదు. వాసన కూడా రాదు."

వాసన కూడా రాదు. నిన్న ఆ ముక్కని పట్టుకున్న వేళ్లని తెరేసమ్మ మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

శౌరయ్య కోలుకున్నాడు. అమలమ్మ ఇంటికి వచ్చింది గానీ కిడ్నీలు తేరుకోలేదు. కాళ్లు వాచి, అన్నం సయించక, తొలకరికి కాలవలకి నీళ్లు వదిలే రోజుల్లో పోయింది. సమాధి దగ్గర శౌరయ్య చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చెప్పావు. నేనే వినలా" అన్నాడు. తిట్టినా ఆమెకి కాస్త ఊపిరాడేది. చెప్పిన మాట నిజమే. కవరు కట్టిచ్చిన చేతులూ తనవే.

తెరేసమ్మ వంట మానలేదు. కానీ ఎవరింటికెళ్లినా పొయ్యి వెలిగించకముందే "మీకు కరెంటు ఎప్పుడు పోయింది? ఎంతసేపు పోయింది?" అని అడగడం మొదలుపెట్టింది. కొందరు నవ్వారు. కొందరు మొహం ముడుచుకున్నారు. మొన్న రామతులసి గారనే ఆవిడ ఇంట్లో ఫ్రీజరు తెరిస్తే, చేపలన్నీ అతుక్కుని ఒకే పలకలా కనిపించాయి.

"కరెంటు పోయింది, జనరేటరూ చెడిపోయింది లెండి. ఒక పూటేగా! మళ్లీ గట్టిపడ్డాయి. కానివ్వండి, చుట్టాలు వచ్చేస్తున్నారు" అంది రామతులసి.

తెరేసమ్మ ఆ పలకని రెండు చేతులా పైకి లాగింది. చేపల్ని దొడ్లోకి మోసుకెళ్లి, బాత్‌రూం దగ్గరున్న ఫినాయిలు సీసా మొత్తం వాటి మీద కుమ్మరించింది, ఇంకెవరూ ఎత్తుకెళ్లి వండుకోకుండా. రామతులసి అరుస్తూనే ఉంది. తెరేసమ్మ చేతులు కడుక్కుని బస్సెక్కింది.

ఆ ఇంటివాళ్లు మళ్లీ ఆమెను పిలవలేదు. వేరే వంటమనిషిని కుదుర్చుకున్నారు. ఆవిడ ఏమీ అడగదట.