పావు చుట్టు మీద మరో అర చుట్టు

బానోతు లాలు ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. టీ తాగుతున్నా ఒక కాలు ఆడిస్తూనే ఉండేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెళ్లి బండి బానెట్ ఎత్తి చూసి వచ్చేవాడు. ఏం చూశావని అడిగితే, "ఏం లేదు సారూ, ఊరికెనే" అనేవాడు.

నాది కల్లూరు. ఎనభై అయిదులో టేకులపల్లి దాటాక అడవి లోపలి ఊళ్లో బడిపంతులుగా వేశారు. అక్కడికి బస్సు లేదు. లాలు పాత డీజిల్ పికప్పే దిక్కు. వారానికి మూడు రోజులు టేకులపల్లి నుంచి ఉప్పు, కిరసనాయిలు, బట్టల మూటలు, మనుషులు లోపలికి. లోపలినుంచి ఇప్పపువ్వు, చింతపండు, వెదురు బుట్టలు, మళ్లీ మనుషులు బయటికి. తండాలో పుట్టి, చిన్నప్పుడు ఎడ్లబండి తోలి, ఆ తర్వాత వెదురు లారీ మీద క్లీనరుగా, డ్రైవరుగా పదేళ్లు పనిచేసి, చివరికి ఎడ్లనూ రెండెకరాల చెలకనూ అమ్మి కొన్న బండి అది. భార్య ద్వాలికి ఆ చెలక అమ్మడం ఇష్టం లేదు. అయినా బండి ఇంటికి వచ్చిన రోజు పసుపు కుంకుమ పెట్టింది ఆమే.

దారి మధ్యలో రాళ్లగుట్ట ఉంది. అటునుంచి వచ్చినా ఇటునుంచి వచ్చినా నిట్టనిలువు ఎక్కుడు. బండి నిండా మనుషులు ఉంటే సగంలోనే ఇంజిను గొంతు పడిపోయేది. లాలు బండి ఆపి, వెనక్కి తిరగకుండానే, "దిగుండ్రి" అనేవాడు. అందరూ దిగి నడిచేవాళ్లు. మగవాళ్లు నెట్టేవాళ్లు. ఇప్పపువ్వు గంపతో వచ్చే ఎర్రమ్మ అనే కోయ ముసలమ్మ మాత్రం ప్రతిసారీ ఒక మాట అనేది.

"ఓ లాలూ, కిరాయి నువ్వియ్యాలె నాకు. నేనే గద నీ బండిని గుట్ట ఎక్కిస్తున్న!"

అందరూ నవ్వేవాళ్లు. లాలు నవ్వేవాడు కాదు.

ఆ ఏడాదే బసవపున్నయ్య అనే ఆయన అదే దారిలో కొత్త వ్యాను దించాడు. అది గుట్టను ఆగకుండా ఎక్కేది. సంతకు ముందుగా చేరేది. ఒకరోజు మేమంతా చెమటలు కక్కుతూ లాలు బండిని నెడుతుంటే పక్కనుంచి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ రోజు లాలు అన్నం తినలేదు. మర్నాడే బండి తీసుకుని ఖమ్మం బయలుదేరాడు. నాకు విద్యాశాఖ ఆఫీసులో పని ఉండి నేనూ ఎక్కాను.

ఖమ్మంలో ముక్తార్‌ది డీజిల్ పంపుల పని. సన్నగా, తెల్లటి బనీనుతో ఉండేవాడు. ఆ పనిలో ఉండి బనీను అంత తెల్లగా ఎలా ఉంచుకునేవాడో. ఇంజినుకు చెవి ఒగ్గి కాసేపు విన్నాడు.

"లాలూ భాయ్, మూడు తీర్ల చేయొచ్చు" అన్నాడు. "పంపు మీద గీ స్క్రూ ఉంది సూడు. దీన్ని ఇట్ల తిప్పితే ఇంజిన్‌కు డీజిల్ ఎక్కువ పోతది. గుట్ట ఎక్కుతది. కానీ నల్ల పొగ కొడతది, ఇంజిన్ కాగుతది. అటు తిప్పితే డీజిల్ మిగుల్తది, జనం దిగుడు మాత్రం తప్పదు. మూడోది, పంపు మొత్తం ఇప్పి, డీజిల్ చిమ్మే నాజిళ్లు కొత్తయి ఏసి, మెషిన్ మీద పెట్టి కంపెనీ లెక్కకు తెచ్చి సీలు ఏస్త. ఇప్పటికంటె నయంగ లాగుతది. వ్యాను లెక్క ఉరకాలంటె మాత్రం కాదు."

"ఎన్ని రోజులు?"

"రెండు రోజులు బండి నా కాడ ఉండాలె."

లాలు బయటికి వెళ్లి టీ తాగి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మూడోసారి వచ్చి, "ఎల్లుండి సంత. రెండు రోజులంటె కాదు. స్క్రూ తిప్పు భాయ్" అన్నాడు.

ముక్తార్ పావు చుట్టు తిప్పాడు. "ఇంతే. దీనికి మించి చెయ్యి పెట్టకు" అన్నాడు.

తిరుగు దారిలో టేకులపల్లి ఇంకా రాకముందే లాలు రోడ్డు పక్కన ఆపాడు. సీటు కింద నుంచి స్క్రూడ్రైవరు తీశాడు. నేను చూస్తూనే ఉన్నాను. పావు చుట్టు మీద మరో అర చుట్టు తిప్పాడు.

"వద్దన్నాడు కదయ్యా ఆయన!" అన్నాను.

"ఆయన మన గుట్ట చూడలే సారూ."

ఆ వారం బండి నిండా జనంతో గుట్టను ఒక్క ఊపున ఎక్కింది. పైకి చేరాక ఎర్రమ్మ చప్పట్లు కొట్టింది. లాలు ముఖం చూడాలి ఆ రోజు! కానీ ఆ సంతోషం పది రోజులు కూడా నిలవలేదు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు మసిబారుతున్నాయి. రేడియేటర్ నీళ్లు తుకతుక ఉడుకుతున్నాయి. కింద వాగు దగ్గర ఒకసారి, పైన ఒకసారి నీళ్లు పోయాల్సి వస్తోంది. లాలు నడుపుతూ నడుపుతూ తల పక్కకు వంచి ఇంజిన్ చప్పుడు వినేవాడు. "వేరే చప్పుడు వస్తున్నదా సారూ?" అని నన్ను అడిగేవాడు. నాకేం తెలుస్తుంది. స్క్రూ వెనక్కి తిప్పేద్దామని ఒకరోజు అనుకుంటాడు, వ్యాను కనిపించగానే మానుకుంటాడు. అన్నం ముందు కూర్చుని కూడా బండి దిక్కే చూస్తున్నాడని ద్వాలి నాతో మొరపెట్టుకుంది.

"ఏందో దాస్తుండు సారూ. నీకు ఎరుకేనా?"

నేను తెలియదన్నాను. అది అబద్ధం.

మేలో బీడీ ఆకు సీజను వచ్చింది. కల్లాల్లో ఎండిన ఆకును బస్తాలకెత్తి టేకులపల్లి గోదాముకు చేరవేసే పని లాలుకు దొరికింది. సెలవుల్లో ఏదో సర్వే పని మీద ఉండిపోయిన నేను ఆ రోజు ఇంటికి బయలుదేరి ముందు సీట్లో కూర్చున్నాను. వెనక బస్తాల మీద ఎర్రమ్మ, ఇంకో ముగ్గురు. మిట్టమధ్యాహ్నం. గుట్ట మీద ఆకు రాలిన చెట్లు, మోకాటి లోతు ఎండుటాకులు.

సగం ఎక్కామో లేదో వెనకనుంచి ఎర్రమ్మ కేక. "లాలూ! అగ్గి! అగ్గి!"

తల బయటపెట్టి చూశాను. సైలెన్సర్‌లోంచి నల్ల పొగతో పాటు ఎర్రటి నలుసులు రాలుతున్నాయి. మా వెనక రోడ్డు వారన ఆకులు అంటుకుని గాలికి పాకుతున్నాయి. బండి మీద ఉన్నదంతా ఎండిన ఆకే. అక్కడే ఆపితే బస్తాలు అంటుకుంటాయి. లాలు ఆపలేదు. పైదాకా తోలి, చెట్టు లేని రాతి బండ మీద నిలిపి, ఇంజిన్ ఆర్పి, అందరినీ దింపి, పచ్చి మండలు విరుచుకుంటూ కిందికి పరుగెత్తాడు. మేమూ పరుగెత్తాం.

ఆ మంటను కొట్టి కొట్టి ఆర్పడానికి మూడు గంటలు పట్టింది. గుట్ట కింది గూడెం నుంచి జనం వచ్చారు గనుక ఆరింది. మనుషులకు ఏమీ కాలేదు. కానీ గూడెం అంచున జంపయ్య అనే అతను వానలకు ముందు ఇల్లు కప్పుకోవడానికి కోసి పెట్టుకున్న గడ్డి వామి మొత్తం కాలిపోయింది. జంపయ్య దాని ముందు నిలబడి బూడిదను కాలితో కెలుకుతున్నాడు. గూడెం వాళ్లలో ఒకడు, "ఎవడో బీడీ పడేసిండు" అన్నాడు. ఇంకొకడు, "అవ్, గట్లనే అయితది ప్రతి ఏడు" అన్నాడు.

లాలు చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నా వైపు చూశాడు. ఆ స్క్రూ సంగతి తెలిసింది మా ఇద్దరికే. నేను తల తిప్పుకున్నాను. అతనే ముందుకు వెళ్లాడు.

"బీడీ కాదు జంపన్నా. నా బండి. మెకానిక్ వద్దన్నా నేనే పంపు స్క్రూ తిప్పిన. నిప్పులు పడ్డది నా బండిలకెల్లే."

"మరి నా ఇల్లు?" అన్నాడు జంపయ్య.

"నేను కప్పుత."

కప్పాడు కూడా. పది రోజులు బండి పక్కన పెట్టి, ద్వాలితో కలిసి వాగు అవతలి నుంచి గడ్డి కోసి మోశాడు. జంపయ్యతో పాటు కప్పు ఎక్కి తన చేతులతో పరిచాడు. మొదటి వాన పడ్డ రోజు తడుస్తూ గూడెం దాకా పోయి, ఇల్లు కురుస్తుందో లేదో చూసి వచ్చాడట.

ఆ తర్వాత మళ్లీ ఖమ్మం. ముక్తార్ పంపు చూసి ఒక్క మాట కూడా తిట్టలేదు. "మూడోదేనా?" అన్నాడంతే. రెండు రోజులు లాలు ఆ షాపు ముందు నిలబడ్డాడు, నడిచాడు, లోపలికి తొంగి చూశాడు. పంపును మెషిన్ మీద బిగించి, నాలుగు గాజు గొట్టాల్లో డీజిల్ సమానంగా పడుతున్నదో లేదో ముక్తార్ కొలుస్తుంటే మాత్రం కదలకుండా చూశాడట. చివరికి సీసం సీలు నొక్కించుకుని వచ్చాడు.

బండి ఇప్పుడు పది మందిని గుట్ట ఎక్కించేది. పదకొండో మనిషి ఉంటే లాగేది కాదు. అందుకని లాలు కొత్త పద్ధతి పెట్టాడు. సామాను, సగం జనం కింద చెట్టు నీడన ఆగాలి. మొదట కొందరిని పైన దింపి, మళ్లీ వచ్చి మిగతావాళ్లను ఎక్కించుకుంటాడు. సంతకు ఎప్పుడూ రెండోవాడే. కొందరు వ్యానుకు మారిపోయారు. గూడెం జనం మారలేదు.

తొంభై ఒకటిలో ఆ దారికి బస్సు పడింది. లాలు బండి అమ్మేసి, నలభై ఏళ్ల వయసులో ముక్తార్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. రెండేళ్లకు టేకులపల్లిలో సొంతంగా పంపుల షాపు పెట్టాడు. స్క్రూ తిప్పమని వచ్చినవాళ్లందరికీ గుట్ట మీద మంట కథ చెప్పేవాడట. విని కూడా కొందరు తిప్పమనేవాళ్లు. అలాంటి బండ్లకు చెయ్యి పెట్టేవాడు కాదు. ఆ షాపూ ఎక్కువ కాలం నడపలేదు.

చివరిసారి కలిసినప్పుడు అతను ఒక ట్రాక్టరు మీద ఉన్నాడు. షాపు ఎందుకు మూశావని అడిగాను.

"పని మంచిదే సారూ. కూసొని చేసే పని గద, నాతోటి కాలే" అన్నాడు. అంటూనే దిగి, టైర్లు ఒకసారి తట్టి చూసి, మళ్లీ ఎక్కి, జల్దీ ఉందంటూ వెళ్లిపోయాడు.