మెరుపు వద్దన్న కస్టమర్

1996లో నిజామాబాద్‌లో నాది చిన్న నికెల్ ప్లేటింగ్ షాపు. సైకిల్ హ్యాండిళ్లు, తాళాలు, బోధన్ వైపు నుంచి చెరుకు మిల్లు పంపుల స్ప్రింగులు వచ్చేవి. మా బతుకంతా తళతళ మీదే నడుస్తుంది. అందుకే ఒక కస్టమర్ మెరుపు వద్దన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఆయన నరహరి సార్, బోధన్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. రాగి తీగ చుట్ట ఒకటి బల్ల మీద పెట్టారు.

“సత్తయ్యా, దీనికి మందంగ నికెల్ ఎయ్యాలె. మెరుపు మాత్రం వద్దు.”

“మెరుపు లేకుంటే నికెల్ ఎందుకు సార్?”

“నువ్వు మెరుపు కోసం తొట్టిల కలిపే బ్రైట్‌నర్ మందు నాకు అడ్డమొస్తది. నికెల్ లోపలికి హైడ్రోజన్ దూరాలె.”

ప్లేటింగ్ చేసేటప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. అది చేరిన స్ప్రింగు పైకి బంగారంలా ఉండి, పంపులో బిగించగానే పుటుక్కున విరుగుతుంది. అందుకే ప్లేటింగ్ కాగానే ఓవెన్‌లో పెట్టి దాన్ని తరిమేస్తాం. మేం గెంటేసేవాడికి ఈయన పీట వేస్తున్నారు.

సార్ విడమరిచి చెప్పారు. గాజు జాడీలో పొటాషియం కార్బొనేట్ కలిపిన నీళ్లు, అందులో నా నికెల్ చుట్ట, ఎదురుగా కాలేజీ ల్యాబులో అడిగి తెచ్చిన ప్లాటినం తీగ. కరెంటు ఇస్తే నికెల్‌లోకి హైడ్రోజన్ ఎక్కుతుంది. అక్కడ పరమాణు కేంద్రకాల్లో మార్పు జరిగి, ఇచ్చిన కరెంటుకు మించిన వేడి పుడుతుందని విదేశాల్లో కొందరు అన్నారట, చాలామంది కాదన్నారట. సార్ ఆ ఏడు రిటైర్ అవుతున్నారు. వేడి చూపించగలిగితే కాలేజీలో ఒక గది ఇచ్చి పని సాగనిస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. లేదంటే సామాను అప్పజెప్పి ఇంటికి పోవడమే.

నాకూ ఆశ పుట్టింది. అవి కరెంటు కోతల రోజులు. ప్లేటింగ్ మధ్యలో కరెంటు పోతే పొర మీద పొర అంటుకోదు, పొట్టులా లేస్తుంది. జాడీ నీళ్లలో పుట్టిన వేడితో కరెంటు తీసే రోజు వస్తే నాకంటే సంతోషించేవాడెవడు? చుట్టను యాసిడ్‌లో ముంచి, నీళ్లు పోస్తే ఎక్కడా తెగకుండా పరుచుకునేదాకా కడిగి, శ్రద్ధగా నికెల్ వేసిచ్చాను.

కొన్నాళ్లకు సార్ బోధన్ రమ్మన్నారు. ఇంట్లో థర్మాకోల్ పెట్టెల్లో రెండు జాడీలున్నాయి. ఒకదాంట్లో నా చుట్ట, రెండోదాంట్లో మామూలు హీటర్ తీగ. రెండూ కాల్చే కరెంటు ఒక్కటే. నికెల్ జాడీ రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. చూడ్డానికి వచ్చిన ప్రిన్సిపాల్ అద్దాలు సవరించుకుని మళ్లీ చూశారు.

“గది ఇయ్యాల్సిందే నరహరీ.”

నా కళ్లు చెమర్చాయి. సార్ మాత్రం నవ్వలేదు.

“ఒకటి మిగిలింది. చల్లటి నీళ్లల్ల రెండు థర్మామీటర్లు ఒక్కతీరె చూపెట్టినయి. వేడి నీళ్లల్ల దీన్ని అండ్ల, దాన్ని ఇండ్ల మార్చి ఇంకా చూడలేదు.”

నేను దగ్గరికెళ్లి మెల్లగా అన్నాను. “ఇయ్యాల వద్దు సార్. ఆయన పోయినంక చూద్దం.”

“పోయినంక మార్చబుద్ధి కాదు సత్తయ్యా.”

మార్చారు. పాదరసం నిలిచేదాకా ఆగాం. ఆ రెండు డిగ్రీలు థర్మామీటర్ వెంటే హీటర్ జాడీలోకి వెళ్లిపోయాయి. తప్పు థర్మామీటర్‌దే. మా నికెల్ అదనంగా పుట్టించిన వేడి ఏమీ లేదు.

ప్రిన్సిపాల్ నరహరి సార్ భుజం తట్టి వెళ్లిపోయారు. సార్ ప్లాటినం తీగను తుడిచి, కాలేజీకి తిరిగివ్వడానికి డబ్బీలో పెట్టారు. నాకు కోపమొచ్చింది.

“మార్చకుంటే గది వచ్చేది కద సార్.”

“గది వచ్చేది. వేడి యాడికెల్లి వచ్చేది?”

ప్లేటింగ్‌లో బెండ్ టెస్ట్ అని ఒకటుంది. ఒక ముక్కను వంచితే పొర పట్టిందో లేచిందో తెలిసిపోతుంది. వంచిన ఆ ముక్క మాత్రం ఇక పనికిరాదు. అంతకుముందు అనుమానమున్న సరుకునే వంచేవాడిని. ఆ రోజు నుంచి, బ్రహ్మాండంగా కుదిరిందని మురిసిపోయిన సరుకులోంచే ఒకటి తీసి, కస్టమర్ ఎదురుగా వంచుతున్నాను. ఇన్నేళ్లయినా వంచే ముందు చేయి ఆగుతుంది.