తాడు చివర ఇశ్రాయేలు

మ్యాన్‌హోల్ మూత తీయగానే ఇశ్రాయేలు దిగడు. బీడీ అయిపోయేదాకా దూరంగా కూర్చుని లోపలి విషగాలిని పోనిస్తాడు. తర్వాత ఒంటికి నూనె పట్టించి, నడుముకు తాడు కట్టుకుని దిగుతాడు. పైన తాడు పట్టుకున్న తమ్ముడు డానియేలు "అన్నా!" అని పిలుస్తూనే ఉండాలి, కిందినుంచి "ఆఁ" అని వినబడుతూనే ఉండాలి. వినబడకపోతే లాగెయ్యాలి. వాళ్లకున్న రక్షణ పరికరం అదొక్కటే.

2003 అక్టోబరులో ఓ పొద్దున, చాంద్రాయణగుట్టలో ఎదురు హోటల్ టీవీలో రాకెట్‌లో వెళ్లొచ్చిన చైనా మనిషిని చూపిస్తున్నారు. డానియేలు నోరు తెరుచుకుని చూస్తూ పిలవడం మరిచాడు. కాసేపటికి గుంతలోంచి దగ్గుకుంటూ తల ఒకటి తనంతట తనే పైకొచ్చింది.

"ఏందిరా, పిలుస్తలేవు? సచ్చిననుకున్నవా?"

"అన్నా, చైనాయన ఆకాశంల తిరిగి పానంతోని వచ్చిండే! డాక్టర్లు ఎట్ల ఉరుకుతున్నరో చూడు!"

ఇశ్రాయేలు కళ్లమీది మురుగు తుడుచుకున్నాడు.

"మంచిగైంది. నేన్ గూడ వచ్చిన. బకెట్ నీళ్లు పొయ్యి."