గడప ముందు కూత

సిరిసిల్ల చీరలు దుకాణాలకు అమ్మే పనిలో ఆయన నాకు సీనియర్. ఏ దుకాణంలోకి వెళ్లబోయినా ముందు వంగి, గడప ముందు నేలను వేళ్లతో తాకేవాడు. వీర్నపల్లి కబడ్డీ జట్టులో కూతకు వెళ్లేటప్పటి అలవాటది. బూట్లు కూడా లేని ఆ జట్టు పట్నం జట్లను ఓడించిన కథలు దారంతా చెప్పేవాడు. నేను వినేవాణ్ణి, వంగేవాణ్ణి కాదు. మా దొరల గడీ పోయింది గానీ నా వెన్ను నిటారుగానే ఉంది.

ఒక రోజు కోరుట్లలో ఆర్డరు దొరక్కపోతే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. దుకాణం సేటు చీరలు చూడకుండా నా ఇంటిపేరు అడిగాడు.

"దొరల పిలగాడు చీరెలు అమ్మవట్టెనా!" అని పగలబడి నవ్వాడు.

నేను సంచి సర్దుకుని లేచాను. మా సీనియర్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"కూసో దొరా. నిన్ను పట్టుకున్నరు, గంతే. కూత ఆగితేనే అవుట్."

కూర్చున్నాను. ఆపకుండా చెబుతూ, ఒక్కో చీర విప్పాను. చాలాసేపటికి సేటు వేళ్లు ఒక అంచు మీద ఆగాయి.

"గీ రంగుల ఎన్ని పంపుతరు?"

మా సీనియర్ రిటైరయ్యాక మొన్న జగిత్యాలకు ఒక్కణ్ణే వెళ్లాను. గడప ముందు వంగి నేలను తాకాను.

"ఏమన్న పడ్డదా సారూ?" అని లోపలి నుంచి ఎవరో అడిగారు.

"లేదు, కూతకొచ్చిన" అన్నాను.